వెనక గది గంట

నవంబరు 3, సోమవారం

పక్క గదిలో నా చెల్లెలు పడిపోయిందని నాకు గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది.

అప్పుడు నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. "కోమలి గారి అక్కగారేనా అండీ? ఆవిడకు మూర్ఛ వచ్చినట్టు మాకు చూపిస్తోంది. నాలుగు నిమిషాలైంది. ఒకసారి వెళ్ళి చూస్తారా?" అని గుంటూరు మూర్ఛ కేంద్రం నర్సు నెమ్మదిగా, మర్యాదగా అడిగింది. నేను చేపలు అక్కడే వదిలేసి పరుగెత్తాను. కోమలి నేలమీద పడి ఉంది. బల్ల అంచు తగిలి కనుబొమ పైన చీరుకుపోయింది. మూర్ఛ అప్పటికే తగ్గిపోయింది. నాకూ ఆమెకూ మధ్య పద్నాలుగడుగుల దూరం, ఒక ఇనప గోడ. గుంటూరు ఇక్కడికి పడవలో ఒక పూట, ఆపైన బస్సులో ఒక పూట.

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. తెప్పలపేటలో నలభై ఆరు తేలే ఇళ్ళకు వైర్లు చూసేది నేనే. ఏ మరమ్మతు చేసినా ఏం చేశాను, ఏం తేలింది అని ఈ పుస్తకంలో రాస్తాను. నా సొంత ఇంటి మరమ్మతు రాయాల్సి వస్తుందనుకోలేదు.

మా ఇల్లంటే పీపాల మీద కట్టిన రెండు పాత ఓడ పెట్టెలు. ముందు పెట్టెలో వంటిల్లు, నా మంచం. వెనక పెట్టె కోమలిది. ఆమె చేతికి ఉన్న పట్టీ మూర్ఛను కనిపెట్టి రెండు కబుర్లు పంపాలి. ఒకటి గుంటూరుకు, రెండోది మా వంటింటి గంటకు. మొదటిది వెళ్ళింది. రెండోది రాలేదు. వంటింట్లో ఉన్న వైఫై ఇనప గోడ దాటదు కాబట్టి, రెండు నెలల కిందట గోడకు కన్నం చేసి కేబుల్ లాగి, వెనక గదిలో రెండో రౌటర్ నేనే పెట్టాను. ఆ రౌటర్ మీదే కోమలి మూడు పేటల పిల్లలకు లెక్కలు చెబుతుంది. పాఠాలకు ఒక్కరోజు కూడా ఇబ్బంది రాలేదు. అందుకే గంట సంగతి విడిగా పరీక్షించాలని నాకు తోచలేదు. ఇది నా పొరపాటు నంబరు ఒకటి.

సాయంత్రం మూర్ఛ కేంద్రం డాక్టర్ రుఖియా ఫోన్ చేశారు. శుక్రవారం తుఫాను తీరం దాటుతుందట. గాలి పెరిగితే పేటకు సిగ్నల్ అందించే స్తంభం దించేస్తారు. స్తంభం దిగితే బయటి ప్రపంచంతో నెట్ ఉండదు, గుంటూరు నుంచి ఫోనూ రాదు. "గంట మోగదు, మా ఫోనూ రాదు. అలాంటి చోట ఆవిడ విడిగా గదిలో ఉండొచ్చని నేను సంతకం పెట్టలేనండీ. గురువారం మధ్యాహ్నం గట్టుకు వచ్చే పడవలో పంపించండి," అన్నారు.

గట్టు మీద మూర్ఛ రోగుల ఆశ్రమంలో కోమలి ఆరేళ్ళు ఉంది. పన్నెండు మంచాల హాలు. పడిపోతే కనపడాలని దానికి తలుపులే పెట్టలేదు. స్నానాల గదికి కూడా గుడ్డే అడ్డం. మళ్ళీ అక్కడికి వెళితే డాక్టరు సంతకం లేకుండా వదలరు. ఫోన్ పెట్టేశాక కోమలి కట్టు కట్టిన నుదురు తడుముకుంటూ ఒకటే మాట అంది.

"ఈ రెణ్ణెల్లూ తలుపేసుకుని పడుకున్నానక్కా. మళ్ళీ అక్కడికి పోను."

గురువారం మధ్యాహ్నం లోపల ఆ గంట మోగాలి. మోగిస్తాను.

నవంబరు 4, మంగళవారం

మంచినీళ్ళు నూట ముప్పై లీటర్లు. సోలార్ పలకల మీద పాచి తుడిచాను. పీపాలకు పట్టిన ఆలుచిప్పలు గీకడం తుఫాను తర్వాతే.

ముందు గంటను అనుమానించాను. బ్యాటరీ మార్చాను, వంటింట్లోంచి నా ఫోన్‌తో నొక్కాను. మోగింది. గంట మంచిదే.

తర్వాత పట్టీ. దానికి పరీక్షించే బొత్తం ఉంది. కోమలిని వంటింట్లోకి రమ్మని నొక్కించాను. పట్టీ ఇక్కడి మొదటి రౌటర్‌కు తగులుకుంది, గంట చెవులు పగిలేలా మోగింది. వెనక గదిలోకి వెళ్ళి నొక్కితే ఏమీ లేదు. మళ్ళీ వంటింట్లో, మోగింది. మళ్ళీ వెనక గదిలో, ఏమీ లేదు. ఇలా పదకొండు సార్లు తిప్పాను.

"మూర్ఛొచ్చే ముందు వంటింట్లోకొచ్చి పడిపోతాలే. నీకు శ్రమ తగ్గుతుంది," అంది కోమలి.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "నోర్మూసుకుని నొక్కు," అన్నాను. తర్వాత బాధపడ్డాను కానీ ఆ సంగతి తనకు చెప్పలేదు.

గంట మంచిది, పట్టీ మంచిది అంటే మధ్య దారిలో లోపం ఉందన్నమాట. ఉప్పు గాలి కేబుల్‌ను తినేసి ఉంటుందనుకున్నాను. పాతది పీకేసి, గోడకు ఇంకో కన్నం తొలిచి, కొత్త కేబుల్ లాగి, రెండు కన్నాలకూ తారు పూశాను. ఇనుము తొలిచేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రెండో రౌటర్‌లో కేబుల్ పాతది ఎక్కడుందో అక్కడే గుచ్చాను. దాని వంక చూడను కూడా చూడలేదు, చేయి తనంతట తానే గుచ్చింది.

ఫలితం: కోమలి పాఠాల్లో బొమ్మ ఇంతకు ముందు కంటే బాగా వస్తోంది. గంట మాత్రం మోగలేదు.

నవంబరు 5, బుధవారం

పొద్దున కోమలి గదిలో కూర్చుని ఆమె ఫోన్‌లోంచి నెట్ మీద ఒక్కొక్కదాన్నీ పిలిచి చూశాను. గుంటూరును పిలిస్తే రెప్పపాటులో పలికింది. వంటింటి గంటను పిలిస్తే జవాబు లేదు. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే మరను పిలిచాను. లేదు. వంటింట్లో పొయ్యి మీటను పిలిచాను. అదీ లేదు. ఈ గదిలోంచి దేశమంతా పలుకుతోంది, మా ఇల్లొక్కటే పలకడం లేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసే పనే చేశాను. రెండు రౌటర్లూ ఆపేసి, ముందు మొదటిది, తర్వాత రెండోది వెలిగించాను. మళ్ళీ పిలవబోతే కోమలి ఫోన్ లాక్కుంది.

"ఆగక్కా. ముందు అది నొక్కాలిగా."

"ఏది?"

"రోజూ పొద్దున వచ్చేదే. నీకు రాదా?"

చూపించింది. తెర మీద తామరపువ్వు బొమ్మ, దాని కింద మాటలు: తెప్పలపేటకు స్వాగతం. మా అతిథిగా ఎన్నాళ్ళుంటారు? ఆ కింద మూడు గళ్ళు. ఒక రోజు. మూడు రోజులు. వారం.

ఆ మాటలు రాసింది నేను. ఆ పువ్వు పెట్టింది నేను.

"రోజూ నొక్కుతున్నావా?"

"ఊ. ఒక రోజు అని."

"వారం అని నొక్కొచ్చుగా?"

"ఇల్లు నీదిగా. నువ్వే పెట్టించావనుకున్నాను. ఏ రోజుకారోజు అడుక్కుంటే మర్యాదగా ఉంటుందని..." అని ఆగిపోయింది. ఆమె వచ్చి అరవై రెండు రోజులైంది.

నేను లేచి వంటింట్లోకి వచ్చి, నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి ఏడ్చాను. ఇది మరమ్మతు పుస్తకంలో రాయాల్సిన సంగతి కాదు. అయినా రాస్తున్నాను.

సంగతి ఇది. తొమ్మిదేళ్ళ కిందట, మేము పురుగు ఏడాది అని పిలిచే ఏడాది, ఒక చుట్టం ఫోన్‌లోంచి పురుగులాంటి దొంగ ప్రోగ్రాం ఒకటి ఒక ఇంటి నెట్‌లోకి దూరింది. పీపాల అడుగున నీరు తోడే పంపులన్నీ ఉమ్మడి లైను మీదే నడుస్తాయి. ఆ లైనులోకి పాకి అన్ని పంపులనూ ఆపేసింది. నాలుగు గంటల్లో ఏడు ఇళ్ళు మునిగాయి. అప్పుడు పేట సంఘం నన్ను అడిగితే నేనే కట్టడి రాశాను. చుట్టాలకు విడిగా రెండో రౌటర్ పెట్టాలి. దానికి ఒక నీలం పోర్టు, నాలుగు పసుప్పచ్చ పోర్టులు ఉంటాయి. నీలం బయటికి, పసుప్పచ్చవి లోపలికి. ఇంటి కేబుల్ నీలం దాంట్లోనే గుచ్చాలి. అలా గుచ్చితే ఆ రౌటర్ మా వంటింటిని కూడా బయటి వీధి అనుకుంటుంది, తనకు తగులుకున్న ఫోన్లకూ పట్టీలకూ వేరే వరస నంబర్లు ఇచ్చుకుంటుంది. లోకానికి దారి వదిలి ఇళ్ళకు దారి మూసే ప్రోగ్రాం కూడా నేనే అందులో ఎక్కించాను. పసుప్పచ్చ పోర్టులకు లక్క పోసి పేట ముద్ర వేస్తాము.

ఈ తొమ్మిదేళ్ళలో నలభై ఇళ్ళకు నేను రెండో రౌటర్ పెట్టాను. అన్నీ చుట్టాల కోసమే. కోమలి వచ్చిన రోజున కూడా నా చేతులు అదే పని చేశాయి. సంఘం గదిలోంచి లక్క పోసిన రౌటర్ డబ్బా తెచ్చి, నీలం దాంట్లో గుచ్చి, మంచి పని చేశానని కాఫీ తాగాను. ఇంకెవరైనా ఇలా చేస్తే నాలుగు తిట్టేదాన్ని. ఇది పొరపాటు నంబరు రెండు. నిజానికి ఉన్న పొరపాటు ఇదొక్కటే.

కేబుల్ పసుప్పచ్చ పోర్టులోకి మార్చనివ్వమని అడగడానికి సాయంత్రం సంఘం పెద్ద తిరుపాలు మావయ్య దగ్గరికి వెళ్ళాను. పురుగు ఏడాది మునిగిన ఏడిళ్ళలో ఆయనది ఒకటి. తుఫాను కోసం తాళ్ళు బిగించుకుంటూ అంతా విన్నాడు.

"లక్క పగలగొట్టాలంటే మూడ్రోజులు సూడాల, అయిదుగురు సంతకం పెట్టాల. ఆ రూలు రాసింది నువ్వేగా అమ్మాయ్. ఎల్లుండి తుఫాను పెట్టుకుని ఇప్పుడొచ్చి అడిగితే ఎట్టా?"

"తప్పు నాదే మావయ్యా."

"తప్పెవరిదైతే ఏంటి, పంపులు అందరియ్యీ. మీ సెల్లెలు ఫోనులోంచి రోజూ ఊరందరితో మాట్టాడుద్ది. దాంట్లో ఏముందో నీకు తెలుసా, నాకు తెలుసా?"

ఆయన అన్నది న్యాయమే. ఆ న్యాయం నేను నేర్పిందే. కాసేపు ఆయన బిగించే తాడు రెండో కొస పట్టుకుని నిలబడ్డాను. తర్వాత అడిగాను.

"మా పంపును ఉమ్మడి లైన్లోంచి విడదీసేసుకుంటే?"

తాడు బిగించడం ఆపాడు. "తుఫాన్లోనా? నీళ్ళెట్టా తోడతావు?"

"చేతి పంపుంది."

"గాలి మొదలయ్యాక పది పన్నెండు గంటలు ఒంటిచేత్తో కొట్టాల. సెల్లెలు పడిపోయిందంటే పంపు వదిలి పోవాల. రెండూ ఎట్టా సేత్తావు?"

"అందుకే మావయ్యా నాకా గంట కావాలి. కోమలి పక్కన కూర్చుంటే ఇల్లు మునుగుద్ది. పంపు దగ్గర కూర్చుంటే దానికేమైందో తెలీదు."

మావయ్య తాడుకు ఆఖరి ముడి వేశాడు. "ఇడదీసిన ఇంటికి రూలు లేదులే. పొద్దున్నే వస్తా. లైను నా చేత్తోనే కోస్తా, నీ మాట మీద వదలను," అన్నాడు.

నవంబరు 6, గురువారం

ఆకాశం పొద్దుటి నుంచీ బూడిద రంగులో ఉంది. మంచినీళ్ళు రెండు వందల లీటర్లు, అన్ని బిందెలూ నింపాను.

ఎనిమిదింటికి తిరుపాలు మావయ్య వచ్చి ముందు మా పంపు లైను విడదీసి, ఆ కొసకు తనే లక్క పోశాడు. ఆ తర్వాతే వెనక గదిలోకి వచ్చి, కత్తి మొనతో పసుప్పచ్చ పోర్టు లక్క తీశాడు. కోమలి మంచం మీద సర్దిన సంచి పెట్టుకుని కూర్చుంది. గంట మోగకపోతే పడవెక్కాలి కదా, వద్దన్నా సర్దుకుంది.

నీలం పోర్టులోంచి కేబుల్ పీకి పసుప్పచ్చ దాంట్లో గుచ్చాను. స్వాగతం పేజీ చెరిపేశాను. దారి మూసే ప్రోగ్రాం తీసేశాను. "నొక్కు," అన్నాను.

నొక్కింది. గంట మోగలేదు.

ఇంకోసారి. లేదు. ఇంకోసారి. లేదు. తిరుపాలు మావయ్య గుమ్మంలో కూర్చున్నాడు. పది దాటింది, పదకొండు అయింది. గట్టు పడవ హారన్ దూరంగా వినిపించింది. మొదటి నుంచీ ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వచ్చాను. కేబుల్ సరే. ప్రోగ్రాం పోయింది. పట్టీ నంబరు చూశాను. అది ఇంకా వేరే వరస నంబరే.

రెండో రౌటర్ నంబర్లు పంచడం మానలేదు. ఒక ఇంట్లో నంబర్లు ఒక్కరే పంచాలి, అది మొదటి రౌటర్ పని. దీని చేత ఆ పని మాన్పించాలన్న సంగతి మర్చిపోయాను. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు కూడా మర్చిపోరు. దాని పంపకం ఆపేసి, మొదటి దాని వరసలో చివరి నంబరు దానికిచ్చి, రెండూ ఆపి వెలిగించి, పట్టీని కూడా ఆపి వెలిగించాను. ఈసారి పట్టీకి మా వంటింటి వరసలో నంబరు వచ్చింది.

నొక్కమని నేను చెప్పేలోపే కోమలి నొక్కింది.

వంటింట్లో గంట మోగింది. ఆపడానికి ఎవరం లేవలేదు. తిరుపాలు మావయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఆ మోతకి సేపలు కూడా పారిపోతాయి," అన్నాడు.

డాక్టర్ రుఖియాకు ఫోన్ చేసి వినిపించాను. ఆవిడ దానితో సరిపెట్టుకోలేదు. "స్తంభం దిగినట్టు బయటి లైను పీకేసి మోగించండి. మోగుతున్నట్టు వీడియో తీసి, లైను పెట్టాక పంపండి," అన్నారు. అలాగే చేశాను. బయటి లైను పీకినా మోగింది. గదిలో, మంచం కింద, స్నానాల గదిలో తలుపు వేసుకుని, మూడు చోట్లా మోగింది. పన్నెండు నలభైకి సంతకం వచ్చింది.

పడవ మా ఇంటికి ఆనుకుని ఆగింది. సరంగు చీటీ చూసి పేరు పిలిచాడు. కోమలి సంచి లేకుండా బయటికి వచ్చి, "నేను రావట్లేదండీ. ఇక్కడే ఉంటాను," అంది. అతను పేరు కొట్టేసి పక్కింటికి సాగిపోయాడు.

సాయంత్రం స్తంభం దించారు. ఫోన్ మూగబోయింది.

నవంబరు 7, శుక్రవారం

పంపు దగ్గరే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ. తెల్లారేసరికే గాలి అందుకుంది. పంపు వంటింటి నేల కింద ఉంది, మూత తీసి కాళ్ళు లోపలికి వేలాడేసుకుని కొడుతున్నాను. గంటసేపట్లో రెండు వందల సార్లు పంపు కొడితే నీరు పెరగడం ఆగుతుంది, మూడు వందలు కొడితే కొంచెం తగ్గుతుంది. కోమలి ఉదయమంతా వచ్చి సాయం పట్టింది. పదింటికి బలవంతంగా పంపేశాను. అలిసిపోతే మూర్ఛ తొందరగా వస్తుంది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత నాలుగు గంటలు నాకు ఇనప గోడ తప్ప ఏమీ కనపడలేదు, గాలి తప్ప ఏమీ వినపడలేదు. ప్రతి పది నిమిషాలకూ లేచి వెళ్ళి చూసి రావాలనిపించింది. వెళ్ళలేదు. ఒకసారి వెళితే మాత్రం ప్రతిసారీ వెళతాను. అలా అయితే ఆశ్రమానికీ మా ఇంటికీ తేడా ఏముంటుంది? గంట బాగుచేశాను. బాగుచేసిన దాన్ని నమ్మడం బాగుచేయడం కంటే కష్టంగా ఉంది.

రెండు పదిహేడుకు మోగింది.

పంపు వదిలేసి పరుగెత్తి, తలుపు తోశాను. కోమలి మంచం మీంచి బల్ల వైపుకు మెల్లగా జారిపోతూ ఉంది. నేను చేరేసరికి తల ఇంకా నేలకు తగల్లేదు, నా చేతిలో పడింది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాను. మూడు నిమిషాలు. ఒళ్ళు సడలింది, ఊపిరి మామూలైంది. నేల ఒకవైపుకు ఒరగడం నాకు తెలుస్తూనే ఉంది. కాళ్ళ కింద నీటి చప్పుడు వినపడుతోంది. లేవలేదు.

అయిదు నిమిషాలకు కళ్ళు తెరిచింది. నన్ను పోల్చుకోవడానికి ఇంకాస్త సేపు పట్టింది.

"ఎంతసేపు?"

"మూడు నిమిషాలు."

"నువ్వెప్పుడొచ్చావు?"

"మొదట్లోనే."

చేత్తో నుదురు తడుముకుని చూసుకుంది. కొత్త దెబ్బ ఏమీ లేదు. కాసేపు కళ్ళు మూసుకుంది, కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల మీదుగా కారాయి. నేను తుడవబోతే చేయి పట్టుకుంది.

"ఇల్లు ఒరిగింది. నీళ్ళెవరు తోడుతున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి ఇక్కడ కూర్చున్నావేంటి? నాకు బాగానే ఉంది. వెళ్ళు."

తల కింద దిండు పెట్టాను, దుప్పటి కప్పాను. పట్టీ దీపం పచ్చగా వెలుగుతోందో లేదో చూశాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"అక్కా, తలుపు."

తలుపు వేసి, నీళ్ళు తోడడానికి వెళ్ళాను.